సర్వర్‌కి స్టేట్‌ఫుల్ ఫైర్‌వాల్: మొదటి ప్యాకెట్ దగ్గరే తేల్చుకోవడం ఎలా

గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల్లో చాలా చోట్ల సరుకు లెక్కలు ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లోనే నడుస్తున్నాయి. ఏ రైతువి ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు), ఏ చాంబర్‌లో పెట్టారు, అద్దె బాకీ ఎంత, సరుకు మీద బ్యాంకు అప్పు ఉందా, ఇదంతా ఎక్కడో అద్దెకి తీసుకున్న ఒక సర్వర్‌లో ఉంటుంది. మిర్చి యార్డు దగ్గర ఆఫీసులో గుమస్తా, విజయవాడలో ఆడిటరు, ఫోన్‌లో చూసుకునే ఓనరు, అందరూ దాంట్లోకే వస్తారు. ఆ సర్వర్ పబ్లిక్ అడ్రస్ ఒకసారి ఇంటర్నెట్‌లోకి ఎక్కిందంటే పాస్‌వర్డ్‌లు గుచ్చి చూసే బాట్‌లు కూడా వచ్చేస్తాయి. మీది పెద్ద కంపెనీయా, చిన్న కొట్టా అని అవి చూడవు. అడ్రస్‌లన్నీ వరసపెట్టి తడుముకుంటూ పోతాయి.

సర్వర్ ముందు కాపలా ఉండి ఏది లోపలికి రావాలో, ఏది రాకూడదో తేల్చే ప్రోగ్రామే ఫైర్‌వాల్. అలాంటి సర్వర్‌ని చూసుకునే బాధ్యత మీ మీద ఉంటే ఇది మీ కోసమే. బ్రాడీపేటలో కూర్చుని నాలుగు వ్యాపారాల సర్వర్లు చూసేవాళ్లకైనా, బెజవాడ కాలేజీలో రిజల్ట్స్ సైట్ నడిపే ల్యాబ్ అడ్మిన్‌కైనా పద్ధతి ఒకటే. డెబియన్ 12 లెక్కన చెబుతున్నాను, ఉబుంటులోనూ దాదాపు ఇంతే. కమాండ్ల పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో రాశాను, టైప్ చేసేది మాత్రం మామూలుగా ఇంగ్లీషు అక్షరాల్లోనే.

ముందు ఒక్క విషయం అర్థం కావాలి

కోల్డ్ స్టోరేజీకి ఒకాయన బాండు తెచ్చి నా 40 టిక్కీలు ఇవ్వండి అన్నాడనుకోండి. గుమస్తా బాండు మీద స్టాంపు చూసి సరుకు ఇచ్చేయడు. రిజిస్టర్ తీసి, ఆ పేరు మీద సరుకు నిజంగా లోపలికి వచ్చిందా అని చూస్తాడు. పాతకాలపు స్టేట్‌లెస్ ఫిల్టర్ స్టాంపు ఒక్కటే చూసేది. ప్యాకెట్ (నెట్‌వర్క్‌లో డేటా వెళ్లే చిన్న మూట) మీద ఏసీకే ఫ్లాగ్, అంటే అందింది అనే గుర్తు, ఉంటే ఇదేదో జవాబే కదా అని వదిలేసేది. ఆ ఫ్లాగ్ ఎవడైనా పెట్టి పంపొచ్చు. స్టేట్‌ఫుల్ ఫైర్‌వాల్ అలా కాదు, రిజిస్టర్ చూస్తుంది.

లైనక్స్‌లో ఆ రిజిస్టర్ పేరు కాన్‌ట్రాక్. 2001లో 2.4 కెర్నల్‌తో (కెర్నల్ అంటే లైనక్స్ మూల ప్రోగ్రాము) వచ్చిన నెట్‌ఫిల్టర్ అనే ప్యాకెట్ వడపోత వ్యవస్థలోనే ఇది ఉంది. అప్పట్లో ఐపీటేబుల్స్‌తో రూల్స్ రాసేవాళ్లం, 2014లో 3.13 కెర్నల్‌తో ఎన్ఎఫ్‌టేబుల్స్ వచ్చింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఎన్ఎఫ్‌టేబుల్సే నేర్చుకోండి.

వచ్చిన ప్రతి ప్యాకెట్‌కీ కాన్‌ట్రాక్ ఒక స్థితి కడుతుంది. ఇంతవరకు పద్దు లేని కొత్త సంభాషణ అయితే న్యూ. రెండు వైపులా మాట కలిసిందైతే ఎస్టాబ్లిష్డ్. ఉన్న కనెక్షన్‌కి సంబంధించి వచ్చిన ఎర్రర్ కబురు లాంటిదైతే రిలేటెడ్. ఎందులోనూ ఇమడనిది ఇన్వాలిడ్. అసలు లెక్కే రాయనిది అన్‌ట్రాక్డ్. ఇక్కడ పట్టుకోవాల్సిన కిటుకు ఒకటుంది. ఎస్టాబ్లిష్డ్ వాటిని మొదటి రూల్‌లోనే వదిలేస్తాం కాబట్టి, మీరు రాసే మిగతా రూల్స్ దాదాపు అన్నీ న్యూ ప్యాకెట్‌కే వర్తిస్తాయి. అంటే మీ నిర్ణయం అంతా మొదటి ప్యాకెట్ దగ్గరే. తర్వాత చెప్పే చిక్కులన్నీ ఈ ఒక్క మాట నుంచే పుడతాయి.

ఏ పోర్టులు తెరిచి ఉన్నాయో చూడండి

ఫైర్‌వాల్ జోలికి వెళ్లకముందే సర్వర్‌లో ఎస్ఎస్ కమాండ్‌ని టి, యు, ఎల్, పి, ఎన్ అక్షరాల ఆప్షన్లతో నడపండి. వింటున్న ప్రతి పోర్టూ (ఒక్కో సర్వీస్‌కి నంబరుతో ఉండే తలుపు), దాని వెనక ఉన్న ప్రోగ్రామూ కనిపిస్తాయి. లోకల్ అడ్రస్ ఉన్న గడిని జాగ్రత్తగా చదవండి. 127.0.0.1:3306 అని ఉంటే మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ తన ఇంట్లో తను ఉన్నట్టే, బయటివాళ్లకి అందదు. 0.0.0.0:3306 అని ఉంటే ప్రపంచం మొత్తానికీ వినిపిస్తోంది. ఇలా కనిపిస్తే ముందు మైఎస్‌క్యూఎల్ కాన్ఫిగ్‌లో బైండ్ అడ్రస్‌ని (ఏ అడ్రస్ మీద వినాలో చెప్పే సెట్టింగు) 127.0.0.1కి మార్చండి. డేటా దాచే మిగతా ప్రోగ్రాములు, అంటే పోస్ట్‌గ్రెస్ 5432, రెడిస్ 6379, మెమ్‌క్యాష్‌డీ 11211, వీటికీ ఇదే మాట.

ఫైర్‌వాల్ ఎలాగూ ఆపుతుంది కదా, ఇదంతా ఎందుకు అనుకోకండి. రూల్స్ ఒక పూట లోడ్ కాకపోతే మిగిలే రక్షణ ఈ బైండ్ అడ్రస్ ఒక్కటే. 2018 ఫిబ్రవరి 28న ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే సైట్ గిట్‌హబ్ మీద సెకనుకి 1.35 టెరాబిట్ల దాడి జరిగింది. దానికి ఆయుధాలైనవి యూడీపీ (ముందు కనెక్షన్ కలపకుండానే ప్యాకెట్లు పంపే పద్ధతి) 11211ని ఊరికే తెరిచి పెట్టుకున్న మెమ్‌క్యాష్‌డీ సర్వర్లే. ఆ సర్వర్లు నడిపేవాళ్లకి గిట్‌హబ్‌తో ఏ గొడవా లేదు. మీ సర్వర్‌ని అడ్డం పెట్టుకుని ఇంకొకరిని కొట్టకుండా చూసుకోవడం కూడా మీ పనే.

తర్వాత కాగితం మీద రాసుకోండి, ఎవరికి ఏది కావాలో. వెబ్ యాప్ కోసం 443 అందరికీ. 80 కూడా అందరికీ, ఎందుకంటే 443కి మళ్లించడానికీ, చాలాసార్లు సర్టిఫికెట్ రెన్యువల్‌కీ అది కావాలి. ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే దారి) 22 మీకు మాత్రమే. ఇంకేమైనా ఉంటే, అది ఎవరికోసం తెరుస్తున్నారో పేరు పెట్టి చెప్పగలగాలి. చెప్పలేకపోతే దాన్ని జాబితాలోంచి తీసేయండి.

22ని ఆఫీసు అడ్రస్‌కే పరిమితం చేయాలంటే ఆ ఆఫీసుకి స్టాటిక్ ఐపీ ఉండాలి. మామూలు బ్రాడ్‌బ్యాండ్‌లో అడ్రస్ మారిపోతూ ఉంటుంది. కొన్ని చోట్ల అసలు మీకంటూ పబ్లిక్ అడ్రసే ఉండదు, వందలమంది కస్టమర్లు ఒకే అడ్రస్ వెనక ఉంటారు. అలాంటప్పుడు వైర్‌గార్డ్ అనే వీపీఎన్ (ఇంటర్నెట్ మీద మీకు మాత్రమే ఉండే రహస్య టన్నెల్) పెట్టుకుని, ఎస్ఎస్‌హెచ్‌ని ఆ టన్నెల్ లోపలే తెరవడం మేలు. వైర్‌గార్డ్ సాధారణంగా యూడీపీ 51820లో ఉంటుంది. సరైన కీ లేనివాడు ఏం పంపినా జవాబే ఇవ్వదు, కాబట్టి బయట స్కాన్ చేసేవాడికి అక్కడ ఏదో ఉందని కూడా తెలియదు.

మిమ్మల్ని మీరు బయట పెట్టుకోకుండా

ఫైర్‌వాల్ పనిలో అందరికీ ఉండే టెన్షన్ ఇదే: ఒక రూల్ తప్పితే సర్వర్‌లోకి మనమే వెళ్లలేం. దీనికి మూడు జాగ్రత్తలున్నాయి. ప్రొవైడర్ ప్యానెల్‌లో వెబ్ కన్సోల్ పనిచేస్తోందో లేదో ముందే తెరిచి లాగిన్ అయి చూడండి, రూట్ పాస్‌వర్డ్ తెలియకపోతే ఆ కన్సోల్ ఉన్నా లేనట్టే. రెండోది, యూఎఫ్‌డబ్ల్యూ, ఫైర్‌వాల్‌డీ లాంటి వేరే ఫైర్‌వాల్ ప్రోగ్రాములు అప్పటికే నడుస్తున్నాయేమో చూసి ఏదో ఒక్కదాన్నే ఉంచండి. మూడోది టైమర్. కొత్త రూల్స్ లోడ్ చేసే ముందు, సిస్టమ్‌డీ-రన్ కమాండ్‌తో 5 నిమిషాల తర్వాత మీ టేబుల్‌ని (ఎన్ఎఫ్‌టేబుల్స్‌లో రూల్స్ కట్టని ఇలా అంటారు) డిలీట్ చేసే పనిని పెట్టండి. అంతా బాగుంటే టైమర్‌ని ఆపేస్తారు. బయట చిక్కుకుపోతే 5 నిమిషాలు ఓపిక పడితే చాలు, తలుపు దానంతటదే తెరుచుకుంటుంది.

ఈ టైమర్ పద్ధతి కుదరాలంటే మీ రూల్స్ అన్నీ మీ సొంత టేబుల్‌లో ఉండాలి. ఇక్కడ ఆ టేబుల్ పేరు కాపలా అనుకుందాం. డెబియన్ ఇచ్చే ఎన్ఎఫ్‌టేబుల్స్ డాట్ కాన్ఫ్ ఫైల్ ఫ్లష్ రూల్‌సెట్ అనే లైన్‌తో మొదలవుతుంది. ఆ లైన్ సర్వర్‌లో ఉన్న రూల్స్ మొత్తాన్ని తుడిచేస్తుంది, డాకర్ (యాప్‌లని కంటెయినర్లు అనే విడి పెట్టెల్లో నడిపేది) రాసుకున్నవీ, ఫెయిల్2బ్యాన్ (పదేపదే లాగిన్ తప్పేవాళ్లని ఆపేది) రాసుకున్నవీ సహా. దాన్ని తీసేసి మూడు భాగాలుగా రాయండి: ముందు కాపలా టేబుల్‌ని ఖాళీగా ప్రకటించడం, తర్వాత దాన్ని డిలీట్ చేయడం, ఆ తర్వాత పూర్తి టేబుల్. ఖాళీగా ప్రకటించడం ఎందుకంటే, టేబుల్ అసలు లేనప్పుడు డిలీట్ చేయమంటే ఎర్రర్ వచ్చి ఫైల్ అంతా ఆగిపోతుంది. ఫైల్ మొత్తం ఒకేసారి అమల్లోకి వస్తుంది కాబట్టి మధ్యలో సర్వర్ తెరిచి ఉండే క్షణం ఏదీ ఉండదు. సర్వీస్‌ని కూడా రీస్టార్ట్ చేయకండి, రీలోడ్ చేయండి. డెబియన్‌లో ఈ సర్వీస్ ఆగేటప్పుడు రూల్స్ అన్నిటినీ తుడిచేస్తుంది.

ఇన్‌పుట్ చైన్, వరుస క్రమంలో

టేబుల్ ఫ్యామిలీ ఐనెట్ అని పెట్టండి. ఐపీవీ4, ఐపీవీ6 (ఇంటర్నెట్ అడ్రస్‌ల పాత, కొత్త పద్ధతులు, క్లుప్తంగా వీ4, వీ6) రెండిటికీ ఒకే రూల్స్ వర్తిస్తాయి. ఐపీవీ4కి గట్టిగా తాళం వేసి ఐపీవీ6ని బార్లా తెరిచిపెట్టిన సర్వర్లు నేను చాలా చూశాను. ప్రొవైడర్ ఇచ్చిన వీ6 అడ్రస్ సంగతే ఎవరికీ గుర్తుండదు. అందులో ఒక చైన్ (వరుసగా చూసే రూల్స్ పట్టీ), హుక్ ఇన్‌పుట్ (లోపలికి వచ్చేవాటికి), ప్రయారిటీ ఫిల్టర్, పాలసీ డ్రాప్. అంటే పేరు పెట్టి అనుమతించింది తప్ప ఏదీ లోపలికి రాదు.

మొదటి రూల్: కాన్‌ట్రాక్ స్థితి ఎస్టాబ్లిష్డ్ గానీ రిలేటెడ్ గానీ అయితే యాక్సెప్ట్. రోజంతా వచ్చే ప్యాకెట్లలో ఎక్కువ భాగం ఇక్కడే దాటిపోతాయి, కాబట్టి ఇది పైన ఉంటే సీపీయూకీ సుఖమే. రెండోది: ఇన్వాలిడ్ అయితే డ్రాప్. మూడోది: లూప్‌బ్యాక్ ఇంటర్‌ఫేస్ (సర్వర్ తనతో తను మాట్లాడుకునే దారి) నుంచి వచ్చేది యాక్సెప్ట్. ఈ మూడోది మర్చిపోతే మీ యాప్‌కి తన డేటాబేసే అందదు.

తర్వాత ఐసీఎమ్‌పీ, అంటే పింగ్‌లూ నెట్‌వర్క్ ఎర్రర్ కబుర్లూ మోసే పద్ధతి. పింగ్ ఆపితే సర్వర్ కనిపించదనే నమ్మకంతో కొందరు ఐసీఎమ్‌పీ మొత్తం మూసేస్తారు. 443 తెరిచి ఉన్న సర్వర్ ఎలాగూ కనిపిస్తుంది, పోయేది మీకు పనికొచ్చే సమాచారమే. వీ4లో ప్యాకెట్ పెద్దదైంది, చిన్నది చేసి పంపు అని మధ్య రౌటర్ పంపే కబురు సాధారణంగా రిలేటెడ్ కింద మొదటి రూల్‌లోనే వచ్చేస్తుంది. ఇక మీరు రాయాల్సింది పింగ్ రిక్వెస్ట్‌కి సెకనుకి ఇన్ని అనే పరిమితి, అంతే. వీ6లో కథ వేరు. పక్కింటి మెషీన్ చిరునామా కనుక్కునే నైబర్ డిస్కవరీ ప్యాకెట్లని కాన్‌ట్రాక్ అన్‌ట్రాక్డ్‌గా వదిలేస్తుంది, ఎస్టాబ్లిష్డ్ రూల్ వాటిని పట్టుకోదు. నైబర్ సొలిసిట్, నైబర్ అడ్వర్ట్, రౌటర్ అడ్వర్ట్, ఈ మూడింటినీ పేరు పెట్టి యాక్సెప్ట్ చేయాలి. లేకపోతే రూల్స్ లోడ్ చేసిన వెంటనే అంతా బాగానే ఉన్నట్టుంటుంది, కాసేపటికి వీ6 చచ్చిపోతుంది. కారణం ఎక్కడుందో తట్టదు.

ఇప్పుడు చాలామంది వదిలేసే రూల్ ఒకటి. టీసీపీ (ముందు రెండు వైపులా కనెక్షన్ కలుపుకుని మాట్లాడే పద్ధతి) కనెక్షన్ ఎస్‌వైఎన్, అంటే కలుపుదామా అని అడిగే ప్యాకెట్‌తోనే మొదలవ్వాలి. కానీ లైనక్స్ కాన్‌ట్రాక్ డిఫాల్ట్‌గా కాస్త ఉదారం. ఎస్‌వైఎన్ లేకుండా, సగంలోంచి ఊడిపడ్డ ఏసీకే ప్యాకెట్ వచ్చినా, ఇదేదో నేను చూడకముందే మొదలైన సంభాషణ కాబోలు అనుకుని న్యూ అని రాసుకుంటుంది. దొంగ ఏసీకేలు గుప్పించేవాడికి ఇది వరం. అందుకని స్థితి న్యూ అయి, ఫిన్, ఎస్‌వైఎన్, ఆర్ఎస్‌టీ, ఏసీకే అనే నాలుగు ఫ్లాగుల్లో ఎస్‌వైఎన్ ఒక్కటే ఉన్నది కాకపోతే డ్రాప్ అని రాయండి. కెర్నల్ సెట్టింగుల్లో ఎన్ఎఫ్ కాన్‌ట్రాక్ టీసీపీ లూజ్ విలువని 0 చేసినా అలాంటివి ఇన్వాలిడ్‌లోకి పోతాయి. అయితే ఈ రూల్‌ని మొట్టమొదటి లోడ్‌లో పెట్టకండి. అప్పటిదాకా కాన్‌ట్రాక్ నడవని సర్వర్ అయితే మీ ఎస్ఎస్‌హెచ్ సెషన్‌కే రిజిస్టర్‌లో పద్దు ఉండదు. అది సగంలోంచి వచ్చినట్టు కనిపించి తెరపై అక్షరాలు ఆగిపోతాయి. ముందు మిగతా రూల్స్ లోడ్ చేసి, కొత్త సెషన్‌లోకి మారాక దీన్ని చేర్చండి.

ఎస్ఎస్‌హెచ్‌కి: మీ ఆఫీసు అడ్రస్, ఉదాహరణకి 203.0.113.10, ఒక సెట్‌లో పెట్టి, ఆ సెట్ నుంచి 22కి వచ్చే న్యూ మాత్రమే యాక్సెప్ట్ చేయండి. 22ని అందరికీ తెరవక తప్పని పరిస్థితి ఉంటే, ఒక్కో అడ్రస్‌కి నిమిషానికి 10 కొత్త కనెక్షన్లు దాటితే డ్రాప్ చేసేలా టైమ్‌అవుట్ ఉన్న డైనమిక్ సెట్ రాయండి. పాస్‌వర్డ్ లాగిన్ ఆపేసి కీ లాగిన్ మాత్రమే ఉంచడం ఈ రేట్ లిమిట్ కంటే వందరెట్లు ముఖ్యం, అది చేయకుండా ఇది చేసి లాభం లేదు.

వెబ్ పోర్టులకి పరిమితి పెట్టడంలో మాత్రం చెయ్యి వెనక్కి లాగండి. ఒక్కో అడ్రస్‌కి ఒకేసారి 20 కనెక్షన్లు దాటితే డ్రాప్ అని చాలా గైడ్లలో కనిపిస్తుంది. ఒక బెజవాడ ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్ తీసుకోండి. 60 సిస్టమ్‌లు, అన్నీ ఒకే పబ్లిక్ అడ్రస్ వెనక. హెచ్‌టీటీపీ 1.1లో బ్రౌజర్ ఒక్కో సైట్‌కి మామూలుగా 6 కనెక్షన్ల దాకా తెరుస్తుంది. అంటే 360. రిజల్ట్స్ వచ్చిన రోజు మీ ఫైర్‌వాల్ అడ్డుకునేది దాడి చేసేవాణ్ని కాదు, రోల్ నంబర్ పట్టుకుని కూర్చున్న పిల్లల్ని. మొబైల్ నెట్‌వర్క్‌ల్లోనూ ఒకే వీ4 అడ్రస్ వెనక ఎంతోమంది ఉంటారు. కాబట్టి ముందు కొన్ని రోజులు కౌంటర్ మాత్రమే పెట్టి, మామూలు రోజున ఒక అడ్రస్ నుంచి గరిష్ఠంగా ఎన్ని వస్తున్నాయో చూడండి, దానికి రెండు మూడు రెట్లు పైన గీత గీయండి. వీ6లో అయితే విడివిడి అడ్రస్‌లు లెక్కపెట్టి ప్రయోజనం లేదు, ఒక్క మనిషి చేతిలోనే లెక్కలేనన్ని ఉంటాయి. అడ్రస్‌లో మొదటి 64 బిట్ల ప్రిఫిక్స్‌ని ఒక యూనిట్‌గా లెక్కేయండి.

చివర ఒక లాగ్ రూల్, నిమిషానికి 5 లైన్లకి మించకుండా. ఈ పరిమితి లేకపోతే దాడి జరిగినప్పుడు లాగే డిస్క్‌ని నింపేస్తుంది. ఆ తర్వాత పాలసీ డ్రాప్ తన పని చేస్తుంది. అడ్రస్‌ల చోట డొమైన్ పేర్లు మాత్రం రాయకండి. బూట్ సమయంలో డీఎన్ఎస్ (పేరుని అడ్రస్‌గా మార్చే సేవ) అందకపోతే ఆ ఒక్క లైన్ వల్ల ఫైల్ మొత్తం లోడ్ కాదు, సర్వర్ రూల్స్ లేకుండానే లేచి కూర్చుంటుంది.

బయటికి వెళ్లేదాన్ని కూడా చూడండి

చాలా సర్వర్లలో అవుట్‌పుట్ చైన్‌ని పట్టించుకోరు. నా దృష్టిలో చిన్న వ్యాపారాల సర్వర్‌కి అసలు లాభం ఇక్కడే ఉంది. వెబ్ యాప్‌లో ఏదో లోపం దొరికితే, దూరినవాడు మొదట చేసేది మీ సర్వర్ చేత బయటికి కనెక్షన్ పెట్టించడం, అటునుంచి తన పనిముట్లు దింపుకోవడం. అది లోపలి నుంచి మొదలైన కనెక్షన్ కాబట్టి, దాని జవాబులు ఎస్టాబ్లిష్డ్ కింద మీ ఇన్‌పుట్ చైన్‌ని రాజమార్గంలో దాటిపోతాయి.

ఎన్ఎఫ్‌టేబుల్స్‌లో ప్యాకెట్ పంపిన యూజర్‌ని బట్టి రూల్ రాయొచ్చు. అవుట్‌పుట్ చైన్‌లో ముందు ఎస్టాబ్లిష్డ్ యాక్సెప్ట్, లూప్‌బ్యాక్ యాక్సెప్ట్. ఆ తర్వాత వెబ్ సర్వర్ నడిచే యూజర్, అంటే డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా, కొత్తగా మొదలుపెట్టే కనెక్షన్లలో ఫలానా అడ్రస్‌లకి వెళ్లేవి యాక్సెప్ట్, మిగతావి లాగ్ చేసి డ్రాప్. మన కోల్డ్ స్టోరేజీ యాప్ రైతులకి ఎస్ఎమ్ఎస్ పంపుతుందంటే ఆ గేట్‌వే అడ్రస్, డీఎన్ఎస్ 53, మెయిల్ ఉంటే 587, అంతకు మించి దానికి బయట పనేముంది? అప్‌డేట్లు దింపుకునే యూజర్‌కి (డెబియన్‌లో దాని పేరు అండర్‌స్కోర్ ఏపీటీ) దారి విడిగా ఉంటుంది. ఈ లాగ్‌లో ఒక్క లైన్ కనిపించినా వెంటనే చూడండి. బయటి నుంచి వచ్చే వేల డ్రాపుల కంటే లోపలి నుంచి వెళ్లబోయిన ఒక్క డ్రాప్ ముఖ్యం.

డాకర్ ఉంటే

డాకర్‌లో పోర్ట్ పబ్లిష్ చేస్తే ఆ ప్యాకెట్ మీ ఇన్‌పుట్ చైన్‌కి రానే రాదు. అడ్రస్ మారిపోయి ఫార్వర్డ్ దారిలో కంటెయినర్‌కి వెళ్లిపోతుంది. ఇన్‌పుట్‌లో 3306 మూసే ఉంది, అయినా బయటి నుంచి డేటాబేస్ అందుతోంది అని కంగారుపడేవాళ్ల సమస్య ఇదే. పబ్లిష్ చేసేటప్పుడు పోర్ట్ ముందు 127.0.0.1 రాయడమే తేలిక మందు. బయటికి తెరవాల్సిన కంటెయినర్లకి రూల్స్ డాకర్-యూజర్ అనే చైన్‌లో రాసుకోవాలి.

లోడ్, పరీక్ష

ఎన్ఎఫ్‌టీ కమాండ్‌ని సి, ఎఫ్ ఆప్షన్లతో నడిపితే లోడ్ చేయకుండా తప్పులు మాత్రమే చూపిస్తుంది. అది సరే అన్నాక టైమర్ పెట్టి, ఎఫ్ ఒక్కదానితో లోడ్ చేయండి.

ఇప్పుడు, మీ పాత ఎస్ఎస్‌హెచ్ కిటికీ ఇంకా పనిచేస్తోందని సంబరపడకండి. అది ఎస్టాబ్లిష్డ్ కాబట్టి పనిచేస్తోంది. 22 రూల్ తప్పుగా రాసినా అది పనిచేస్తూనే ఉంటుంది, మీరు లాగవుట్ అయ్యేదాకా. దాన్ని అలాగే ఉంచి, రెండో కిటికీలో కొత్త కనెక్షన్ పెట్టండి. అది లోపలికి వచ్చాకే టైమర్ ఆపండి. తర్వాత ఆఫీసు వైఫై ఆపేసి, ఫోన్ మొబైల్ డేటాతో ల్యాప్‌టాప్‌కి నెట్ ఇచ్చి, బయటివాడి కళ్లతో చూడండి: 443 తెరుచుకోవాలి, 22 తెరుచుకోకూడదు. ఎన్‌మ్యాప్ అనే పోర్టు స్కానర్‌తో వీ4 అడ్రస్‌ని ఒకసారి, వీ6 అడ్రస్‌ని ఇంకోసారి స్కాన్ చేయండి. ఎన్ఎఫ్‌టేబుల్స్ సర్వీస్‌ని ఎనేబుల్ చేసి, సర్వర్‌ని రీబూట్ చేసి, రూల్స్ మళ్లీ వచ్చాయో లేదో ఎన్ఎఫ్‌టీ లిస్ట్ రూల్‌సెట్‌తో చూడండి. రీబూట్ పరీక్షని చాలామంది వాయిదా వేస్తారు, ఆ తర్వాత ఎప్పుడో ప్రొవైడర్ మెయింటెనెన్స్ రోజున తెలుస్తుంది.

ఎస్టాబ్లిష్డ్‌ని ముందే వదిలేసే ఇదే కిటుకు ఇంకోచోటా దెబ్బ కొడుతుంది. ఉద్యోగం మానేసిన ఒకాయన అడ్రస్‌ని, లేదా దాడి చేస్తున్న అడ్రస్‌ని బ్లాక్ సెట్‌లో చేర్చారు. రూల్ కరెక్టే. కానీ అతని పాత కనెక్షన్ మొదటి రూల్ కిందే సాగిపోతుంది. బ్లాక్ చేశాక కాన్‌ట్రాక్ టూల్‌తో ఆ అడ్రస్ పద్దులు డిలీట్ చేయాలి. డి ఆప్షన్‌ని పెద్ద అక్షరంతో, ఎస్ ఆప్షన్ పక్కన అడ్రస్ ఇస్తే సరిపోతుంది. ఆ తర్వాత అతని ప్యాకెట్ కొత్తదిగా వచ్చి బ్లాక్ రూల్‌లో పడుతుంది.

రిజిస్టర్ నిండిపోతే

కాన్‌ట్రాక్‌కి ఒక పరిమితి ఉంది, ఎన్ఎఫ్ కాన్‌ట్రాక్ మ్యాక్స్. అది నిండితే కెర్నల్ లాగ్‌లో టేబుల్ ఫుల్, డ్రాపింగ్ ప్యాకెట్ అని వస్తుంది, అప్పుడు మంచివాళ్లూ చెడ్డవాళ్లూ అందరూ బయటే. ఎస్‌వైఎన్ ఫ్లడ్ కొట్టేది ఇక్కడే. పరిమితి 2,62,144 అనుకుందాం. దొంగ అడ్రస్‌లతో సెకనుకి 5,000 ఎస్‌వైఎన్‌లు మీ తెరిచిన 443కి వస్తున్నాయి. సగం తెరుచుకున్న ఒక్కో కనెక్షన్ డిఫాల్ట్‌గా 60 సెకన్లు రిజిస్టర్‌లో ఉంటుంది. లెక్క కడితే 53 సెకన్లలోపే నిండుతుంది. జవాబు రాని పద్దుల్ని కెర్నల్ ముందుగా తొలగించి చోటు చేసుకోవాలని చూస్తుంది గానీ, వరద ఎక్కువైతే తట్టుకోలేదు.

ఇక్కడ మీకు అనుకూలమైన సంగతి ఒకటి ఉంది. రూల్స్‌లో డ్రాప్ అయిన మొదటి ప్యాకెట్ పద్దు రిజిస్టర్‌లోకి ఎక్కదు, యాక్సెప్ట్ అయినదానికే పద్దు పడుతుంది. అందుకే మూసిన పోర్టుల మీద ఎంత కొట్టినా టేబుల్ నిండదు, తెరిచిన పోర్టుల దగ్గరే జాగ్రత్త కావాలి. ఎస్‌వైఎన్ కుకీలు (సగం కనెక్షన్లని గుర్తుపెట్టుకోకుండానే జవాబిచ్చే పద్ధతి) ఆన్‌లో ఉన్నాయో లేదో చూడండి, 1996 నాటి ఈ ఉపాయం ఇప్పటికీ పనిచేస్తోంది. ఎస్‌వైఎన్ రిసీవ్డ్ టైమ్‌అవుట్‌ని 60 నుంచి 20కి తగ్గించండి. ఎస్టాబ్లిష్డ్ టైమ్‌అవుట్ డిఫాల్ట్ 4,32,000 సెకన్లు, అంటే 5 రోజులు. వెబ్ సర్వర్‌కి అంత అక్కర్లేదు, కొన్ని గంటలు చాలు. అయితే ఖాళీగా ఎక్కువసేపు తెరిచి ఉంచే డేటాబేస్ కనెక్షన్లు ఉంటే కీప్‌అలైవ్ పెట్టుకోండి. ఇంకా గట్టిది కావాలంటే 5.3 కెర్నల్ నుంచి ఎన్ఎఫ్‌టేబుల్స్‌లో సిన్‌ప్రాక్సీ ఉంది. అది హ్యాండ్‌షేక్ పూర్తి చేసినవాణ్నే లోపలికి పంపుతుంది.

ఇవన్నీ చేసినా, మీ లైన్ సెకనుకి 1 గిగాబిట్ అయి, వచ్చే చెత్త 10 గిగాబిట్లు అయితే మీ సర్వర్‌లో ఏ రూలూ సాయం చేయదు. ప్యాకెట్ మీ ఫైర్‌వాల్ దాకా వచ్చేసరికే దారి నిండిపోయింది. అది పైనున్న ప్రొవైడరో సీడీఎన్నో (మీ సైట్ ముందు నిలబడి ట్రాఫిక్ తీసుకునే నెట్‌వర్క్) ఆపాల్సిన పని. సీడీఎన్ పెట్టుకుంటే 443ని దాని అడ్రస్‌లకి మాత్రమే తెరవండి, లేకపోతే దాడి చేసేవాడు పక్కదారిలో నేరుగా మీ సర్వర్‌కే వస్తాడు. ప్రొవైడర్ సపోర్ట్‌కి ఎలా చేరాలో ఇప్పుడే కాగితం మీద రాసి పెట్టుకోండి.

లాగులు

కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సీఈఆర్‌టీ-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంపెనీలు సైబర్ సంఘటనల్ని గమనించిన 6 గంటల్లోగా తెలియజేయాలి, లాగుల్ని 180 రోజులు భద్రపరచాలి. సర్వర్‌లో మాత్రమే ఉంచితే చొరబడినవాడు వాటిని చెరిపేయగలడు, కాబట్టి ఆర్‌సిస్‌లాగ్‌తో ఇంకో మెషీన్‌కి కూడా పంపండి. సిస్టమ్ గడియారాలు ఎన్ఐసీ లేదా ఎన్‌పీఎల్ (రెండూ ప్రభుత్వ సంస్థలే) టైమ్ సర్వర్లతో గానీ, వాటికి సరిపోలే వాటితో గానీ కలిసి ఉండాలని కూడా ఆ ఆదేశాల్లో ఉంది. గడియారం సరిచేసే క్రోనీ అనే ప్రోగ్రాము పెట్టుకుని ఆ పని చేయండి. అవుట్‌పుట్ చైన్‌ని బిగించి ఉంటే క్రోనీ నడిచే యూజర్‌కి యూడీపీ 123 మీద బయటికి దారి వదిలారో లేదో కూడా అప్పుడే చూసుకోండి.